మనవడికి అకిర అని పెడితే అత్తయ్యగారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మేము టోక్యోలో నిషికసాయి దగ్గర ఉంటున్నాం. నాకిప్పుడు ఏడో నెల. బాబు అని ఇక్కడి డాక్టరు చెప్పారు. అబ్బాయి పుడితే 'అకిరా' అని పెట్టాలని మావారికి ఎప్పటి నుంచో కోరిక, ఆయనకి జపాన్ దర్శకుడు అకిరా కురొసావా సినిమాలంటే ప్రాణం. తణుకులో ఉన్న మా అత్తయ్యగారేమో "అర్థం తెలియని పేరు మనవడికి పెడతారా?" అని బాధపడుతున్నారు. మామయ్యగారి నాన్నగారు సూర్యనారాయణగారి పేరు కలవాలని ఆవిడ ఆశ. అకిరా అన్నది ఆడపిల్ల పేరంటుంది మా ఆడపడుచు. ఆ పేరుతో ఒక యానిమే, అంటే జపాన్ కార్టూన్ సినిమా, ఉందని, అందులో ఆ పిల్లాడు ఊరంతా నాశనం చేస్తాడని మా తమ్ముడు భయపెట్టాడు. నెట్‌లో చూస్తే ఒకచోట సంస్కృతమని, ఒకచోట 'వెలుగు' అని, ఇంకోచోట 'తెలివైనవాడు' అని ఉంది. మామయ్యగారికి రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఈ టైంలో ఇంట్లో గొడవలు వద్దనిపిస్తోంది, అలాగని మావారి మనసు కష్టపెట్టడమూ ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో తలా ఒక మాట అన్నారు గానీ, జపాన్‌వాళ్లు కూడా అడిగే ప్రశ్న వేసింది మీ అత్తయ్యగారొక్కరే. ఆవిడ "అర్థమేమిటి?" అన్నారు. అకిర అని పేరు చెప్పగానే జపాన్‌లోనూ ఎదుటివాళ్లు అడిగేది దాదాపు అదే: "ఏ అక్షరంతో రాస్తారు?"

నేను ఒసాకాలో ఉద్యోగం చేసేటప్పుడు ఇది దగ్గర నుంచి చూశాను. ఒక పెద్దాయన మా ఆఫీసు రిసెప్షన్‌లో తన పేరు అకిర అని చెప్పారు. అక్కడి అమ్మాయి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఆయన ఎడమ అరచేయి చాపి, కుడిచేతి చూపుడువేలితో దాని మీద రాసి చూపించారు. ముందు నిలువుగా ఒక చిన్న పెట్టె, దాని మధ్యలో అడ్డగీత. అది సూర్యుడు. దాని పక్కనే కిందికి కాళ్లు సాగిన ఇంకో పెట్టె, లోపల రెండు అడ్డగీతలు. అది చంద్రుడు. సూర్యుడికి నాలుగు గీతలు, చంద్రుడికి నాలుగు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే వెలుగు. ఆ అమ్మాయి తలూపి వెంటనే రాసేసుకుంది. అంతవరకూ ఆయన పేరు ఆమెకి వినపడింది గానీ తెలియలేదు.

మనకి పేరు పలికితే చాలు, అర్థం దానితోనే వచ్చేస్తుంది. సూర్యనారాయణ అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. జపనీస్‌లో చాలా పేర్లకి అలా కుదరదు. అకిర అనే పలుకు మొత్తమ్మీద వెలుగువైపు, తేటదనంవైపు చూపిస్తుంది. అసలు అర్థం మాత్రం కన్నవాళ్లు ఎంచుకున్న కాంజి అక్షరంలో ఉంటుంది. కాంజి అంటే ఒక్కొక్కటీ ఒక అర్థాన్ని చూపే అక్షరాలు. పేరు పెట్టడానికి అనుమతి ఉన్న కాంజి అక్షరాలు సుమారు 3,000. వాటిలో అకిర అని చదవగలిగేవి చాలానే ఉన్నాయి. ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యమేస్తుంది. అక్కడి కుటుంబ రిజిస్టరులో పేరుకి అక్షరాలు మాత్రమే ఉండేవి, దాన్ని ఎలా పలకాలో రాసేవారే కాదు. పలుకు కూడా నమోదు చేయాలన్న నిబంధన 2025 మే 26న అమల్లోకి వచ్చింది. అన్నేళ్లపాటు అక్షరమే అసలు పేరు. నెట్‌లో మీకు కనిపించిన 'వెలుగు', 'తెలివైనవాడు' రెండూ తప్పు కాదు. అవి వేర్వేరు అక్షరాల అర్థాలు.

ఇంతకీ ఆ పేరు ఎవరెవరికి ఉందో చెబితే మీ అత్తయ్యగారికి వివరించడం సులువవుతుంది. జపాన్‌వాళ్లదీ మన వరసే, ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. నందమూరి తారక రామారావు అన్నట్టే కురొసవ అకిర. అందుకని ఇక్కడ అందరినీ అలాగే రాస్తున్నాను.

మీవారికి ప్రాణమైన కురొసవ అకిర, అదే మనం కురొసావా అని రాసుకునే ఆయన, సూర్యచంద్రుల అక్షరం ఉన్న అకిర. 1910లో టోక్యోలో పుట్టారు, ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరివారు. డ్రాగన్ బాల్ బొమ్మల కథ గీసిన తొరియమ అకిరదీ ఇదే అక్షరం. మీ తమ్ముడి తరంవాళ్లకి ఆయన గురించి చెప్పనక్కర్లేదు, 2024 మార్చిలో ఆయన పోయినప్పుడు మన పిల్లలు కూడా బాధపడ్డారు. షోగి అని జపాన్ చదరంగం ఉంది, అందులో 2004 నుంచి 2012 దాకా వరసగా తొమ్మిదిసార్లు ర్యూఓ టైటిల్ గెలిచిన వతనబె అకిర కూడా ఇదే అకిర.

1954లో వచ్చిన గాడ్జిల్లా సినిమాకి సంగీతం ఇచ్చిన ఇఫుకుబె అకిరది వేరే అక్షరం. 'ప్రకాశించడం' అని దాని అర్థం, షోవా శకం పేరులో మొదటి అక్షరం అదే. కాంట్రాబేస్ అనే పెద్ద తీగ వాయిద్యం తీగలు వదులు చేసి, రెజిన్ పూసిన తోలు గ్లవ్‌తో వాటిని రుద్ది ఆ మృగం అరుపు పుట్టించారు.

రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చిన అకిరలు ఇద్దరున్నారు. 2010లో సుజుకి అకిర, 2019లో యొషినొ అకిర. సుజుకిగారి అక్షరానికి అధ్యాయం అని, గుర్తు అని అర్థం. దాని పక్కన ఏటవాలుగా మూడు చిన్న గీతలు చేరిస్తే యొషినొగారి అక్షరం వస్తుంది, అప్పుడు అర్థం 'నలుగురికీ తెలిసేలా వెల్లడించడం'. మీరు నాకు ఉత్తరం రాసిన ఫోన్‌లో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. దానికి పనికొచ్చే నమూనాని 1985లో తయారుచేసింది యొషినొగారే. సుజుకి పేరు మీద ఉన్న రసాయన చర్య, సుజుకి కప్లింగ్, మన జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో పనిచేసే కెమిస్టులకి రోజూ నోట్లో నానే మాట. బీపీకి వాడే లోసార్టాన్ తయారీకి కూడా అది పనికొచ్చింది. సుజుకిగారు దానికి పేటెంట్ తీసుకోలేదు. ఈ ఒక్క విషయానికే ఆయనంటే నాకు చెప్పలేనంత గౌరవం.

వీళ్లందరికన్నా మీ ఇంటికి దగ్గరివారు ఎందొ అకిర. సుజుకిగారిదీ ఈయనదీ ఒకే అక్షరం. ఉత్తర జపాన్‌లోని అకిత ప్రాంతంలో 1933లో రైతు కుటుంబంలో పుట్టారు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అంటే చిన్నప్పటి నుంచీ ఆరాధన. అందుకే కొలెస్ట్రాల్‌ని తగ్గించే మందు కూడా బూజుల్లోనే దొరుకుతుందని నమ్మి, టోక్యోలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ 1971లో వెతకడం మొదలుపెట్టారు. రెండేళ్లలో 6,000కి పైగా బూజు రకాలు పరీక్షించారు. చివరికి పనికొచ్చింది నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండే ఒక బూజు. అది ఎక్కడ దొరికిందో తెలుసా అమ్మా? క్యోటోలో ఒక ధాన్యం కొట్లోని బియ్యంలో. 1973లో దాని నుంచి తీసిన పదార్థమే ప్రపంచంలో మొదటి స్టాటిన్. వేరే కంపెనీ చేసిన ఇంకో స్టాటిన్ 1987లో మార్కెట్లోకి వచ్చింది గానీ, ఆ మందుల కుటుంబానికి మూలపురుషుడు ఈయనే. స్టెంట్ పడినవాళ్లకి డాక్టర్లు మామూలుగా రాసే కొలెస్ట్రాల్ మాత్ర ఈ కుటుంబంలోదే. మీ మామయ్యగారి మందుల డబ్బాలో చూడండి, పేరు చివర 'స్టాటిన్' అని ఉన్న మాత్ర కనబడుతుంది. ఎందొగారు 2024 జూన్‌లో, 90 ఏళ్ల వయసులో పోయారు. ఆయనకి నోబెల్ రాలేదు, రావలసింది.

ఈ ఒక్క సంగతి మీ అత్తయ్యగారికి ఫోన్‌లో చెప్పండి. ఆవిడ రోజూ గుర్తుపెట్టుకుని మామయ్యగారికి అందించే మాత్ర వెనక ఒక అకిర ఉన్నాడని తెలిస్తే, ఆ పేరు ఆవిడకి ఇక పరాయిది కాదు.

ఇక మిగతావాళ్ల మాటలు. ఆడపిల్ల పేరు అన్న అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2016లో మురుగదాస్ తీసిన హిందీ సినిమాలో సోనాక్షీ సిన్హా పాత్ర పేరు అది. పైగా ఆకారంతో ముగిసే పేరు వింటే ఆడపిల్లేమో అని మన చెవికి అనిపిస్తుంది. జపాన్‌లో అది ప్రధానంగా మగపిల్లల పేరే, అక్కడక్కడా ఆడవాళ్లకీ ఉంది. మీ తమ్ముడు చెప్పింది నిజమే, 1988 నాటి ఆ యానిమేలో అకిర అనే పిల్లాడి శక్తికి టోక్యో నాశనమవుతుంది. అది వచ్చాక జపాన్‌లో ఎవరూ ఆ పేరుని అపశకునంగా చూడలేదు. మీరూ చూడక్కర్లేదు.

నాకు నిజంగా నచ్చనిది పేర్ల వెబ్‌సైట్లలో రాసే "సంస్కృతంలో అకిరా అంటే సుకుమారమైన శక్తి" అన్న మాట. సంస్కృతంలో ఆ అర్థంతో అలాంటి పదం లేదు. అత్తయ్యగారిని ఒప్పించడానికి ఆ అబద్ధం వాడకండి. ఊళ్లో పురోహితులు ఒక్క ప్రశ్న వేస్తే అది తేలిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. ఒక ముచ్చట మాత్రం చెప్పొచ్చు, ముచ్చటగానే చెప్పండి. సంస్కృతంలో 'కిరతి' అంటే వెదజల్లుతుంది, 'అకిరత్' అంటే వెదజల్లింది. 'కిరణం' వచ్చింది ఆ ధాతువు నుంచే. రెండు భాషలకీ సంబంధం లేదు, ఇది కేవలం కాకతాళీయం. అయినా ఆ పేరు పిలిచినప్పుడల్లా మన చెవికి కిరణం లీలగా వినపడుతుందంటే నాకు సంతోషమే.

పలకడం గురించి కాస్త పట్టుదలగా చెబుతున్నాను, ఎందుకంటే పిల్లాడు జీవితమంతా దాన్ని మోయాలి. జపనీస్‌లో అది అ, కి, ర. మూడూ హ్రస్వాలే, ఎక్కడా దీర్ఘం లేదు. మన ఛందస్సు లెక్కలో చెప్పాలంటే మూడు లఘువులు, నగణం. మనవాళ్లు 'అకీరా' అని సాగదీస్తారు. పవన్ కల్యాణ్‌గారి అబ్బాయి అకీరా నందన్ పేరు అందరికీ తెలిసిందే కాబట్టి తణుకులో ముందు ఆ పలుకే వస్తుంది, "మీరు ఆయన అభిమానులా?" అనీ అడుగుతారు. దానికేం ఇబ్బంది పడకండి. కానీ 'కీరా' అని సాగితే బడిలో పిల్లలు కీరదోసకాయ దాకా వెళ్తారు. తెలుగులో 'అకిర' అని రాయండి, మొదటి రోజు నుంచీ ఇంట్లో అందరూ అలాగే పిలవండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో కూడా న్యూమరాలజీ పేరు చెప్పి అదనపు అక్షరాలు చేర్చకండి. కాగితాల్లో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే ఆ తలనొప్పి మీకే.

ఇంకొకటి మీకు తెలిసి ఉండాలి. అకిర ఈమధ్య కొత్తగా పుట్టిన పిల్లల్లో అంతగా వినపడే పేరు కాదు. ఇప్పుడు అక్కడ రెన్, మినతొ, హరుతొ లాంటివి ఎక్కువ. అకిర తాతల తరం, నాన్నల తరం పేరు. పార్కులో మీరు పిలిస్తే పక్క బెంచీ మీది పెద్దాయన తిరిగి చూడొచ్చు. నాకైతే ఆ నిలకడ ఇష్టం, మీవారికీ ఇష్టమే అనుకుంటాను.

కాగితాల పని సంగతి. పుట్టిన రోజుతో కలిపి 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో జనన నమోదు చేయాలి. మీరు 21వ రోజున బారసాల అనుకుంటే పేరు అప్పటికే ఆ కాగితం మీదకి ఎక్కేసి ఉంటుంది. కాబట్టి ఇంట్లో మాట ఇప్పుడే తేల్చుకోవాలి, లేదా 11వ రోజున చేసుకోండి. బాబు 60 రోజులు దాటి జపాన్‌లో ఉంటాడు కాబట్టి 30 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. భారత పౌరసత్వం కోసం ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయించాలి. వార్డు ఆఫీసు ఫారంలో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి, అంతే. మన పొడుగు పేర్లు అందులో పట్టించడానికి తంటాలు పడేకన్నా పేరు దగ్గర ఒక్క 'అకిర' ఉంచడం మంచిదని నా అభిప్రాయం. జాతకం చూశాక కృత్తిక మొదటి పాదం వస్తే 'అ' అక్షరం ఎలాగూ కుదురుతుంది. లేకపోతే జన్మనామం వేరుగా పెట్టుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. సంకల్పంలో సూర్యనారాయణ అని చెప్పించండి.

మీవారికి కొంచెం నిరాశ కలిగించే సంగతి ఒకటుంది. మనలాంటి విదేశీయుల పిల్లల పేరు ఆ ఫారంలో కాంజిలో రాయనివ్వరు. కతకన అనే లిపిలోనే రాయాలి, పక్కన ఇంగ్లిష్ అక్షరాలు. కతకన పలుకుని మాత్రమే చూపిస్తుంది. అంటే ప్రభుత్వ లెక్కలో మీ అబ్బాయి అకిరకి అర్థం ఖాళీగా ఉంటుంది. రేపు బడిలో ఎవరో ఒకరు "ఏ అక్షరం?" అని అడిగి తీరతారు. అప్పుడు వాడి దగ్గర జవాబు ఉండాలి కదా.

ఆ జవాబు మీ అత్తయ్యగారిని చెప్పమనండి. నా సలహా అంతా ఇదే. మీరు కాదు, మీవారే ఫోన్ చేయాలి, అమ్మతో ఆయనే మాట్లాడాలి. "అమ్మా, ఈ పేరుకి అర్థం ఇంకా ఖాళీగానే ఉంది, నువ్వు నింపు" అని అడగమనండి. అకిర అని చదివే అక్షరాలు నాలుగు పెద్దగా రాసి, ఫొటో తీసి, ఒక్కొక్కదాని అర్థం తెలుగులో చెప్పి పంపండి. సూర్యుడూ చంద్రుడూ కలిసిన వెలుగు ఒకటి. కింద కాంతి, పైన సూర్యుడు ఉన్నది ఒకటి. ముగ్గురు సూర్యులని గోపురంలా పేర్చినది ఒకటి, దాని అర్థం స్ఫటికం. ఆరే గీతలతో ఉదయించే సూర్యుడు ఇంకొకటి, పాత సినిమా హీరో కొబయషి అకిర పేరు అదే అక్షరం.

ఈ నాలుగింటిలోనూ ఆ చిన్న పెట్టె, మధ్యలో అడ్డగీత ఉందని మీరు గమనించే ఉంటారు. సూర్యనారాయణగారి పేరు కలవాలని కదా ఆవిడ ఆశ. ఆవిడ ఏది ఎంచుకున్నా ముత్తాతగారి సూర్యుడు అందులో ఉన్నట్టే. పెట్టెని వేలితో చూపించి చెప్పండి, ఆవిడ వెంటనే పట్టుకుంటారు.

జపాన్‌లో ఏడో రోజు రాత్రి పేరుని కుంచెతో కాగితం మీద పెద్దగా రాసి గోడకి పెడతారు, దాన్ని మేమేషొ అంటారు. ఆ కాగితాలు స్టేషనరీ షాపుల్లో, 100 యెన్‌ల కొట్లలో కూడా దొరుకుతాయి. చేతిరాత బాగున్న జపాన్ స్నేహితులెవరినైనా అడిగి అత్తయ్యగారు ఎంచుకున్న అక్షరం రాయించండి. అది ఇంట్లో ఉండే కాగితం, దానికి వార్డు ఆఫీసు నిబంధనలు వర్తించవు. బారసాల రోజున ఉయ్యాల వెనక గోడకి అది పెట్టి, పళ్లెంలో బియ్యం పోసి, మీవారి చేత ఉంగరంతో 'అకిర' అని రాయించండి. అత్తయ్యగారు అప్పటికి టోక్యో రాలేకపోతే వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని పళ్లేనికి దగ్గరగా పట్టుకోండి. 'కి'కి గుడి చాలు, దీర్ఘం పడకుండా చూడండి.